ఆ హోటల్ మూసేశారట!

రాత్రి పదిన్నరకు స్టేషన్ బయట అడుగు పెట్టానో లేదో, ఒకాయన నా సూట్‌కేసు పిడి పట్టుకున్నాడు. నేను గది బుక్ చేసుకున్న హోటల్ పేరు చెప్పాను. "ఆ హోటలా? మూసేశారు మేడమ్, ఇంకొకటి చూపిస్తాను" అన్నాడు, ఎంతో జాలిగా. అతని ముందే హోటల్‌కు ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తారు! తల తిప్పేసరికి మనిషి మాయం.

తప్పు కొంత నాదే. స్టేషన్‌కు దగ్గర, అద్దె తక్కువ అని మురిసిపోయానే తప్ప, ఒంటరిగా దిగిన ఆడవాళ్లు ఆ హోటల్ ఉన్న వీధి గురించి రాసిన సమీక్షలు చదవలేదు. మర్నాడే మకాం మార్చాను. ఈసారి చీకటి పడ్డాక వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూశాకే గది తీసుకున్నాను. తొమ్మిది దాటినా మందుల షాపు తెరిచే ఉంది. పిల్లలు మెట్ల మీద ఆడుకుంటున్నారు. నా వైపు ఎవరూ కన్నెత్తి కూడా చూడలేదు.