బీఎంఐ చూశారు, నన్ను చూడలేదు

కుట్లు మానాయి. అండాశయం నుంచి తీసేసిన తిత్తి (నీరు నిండిన సంచి) క్యాన్సర్ కాదని బయాప్సీ నివేదిక వచ్చింది. ఇక రాయగలను.

నా ఎత్తు 156 సెంటీమీటర్లు, అప్పటి బరువు 68 కిలోలు. కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో (ఎత్తును ఎత్తుతోనే గుణిస్తే వచ్చేదానితో) భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ, ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూసే కొలత. నాది దాదాపు 28, అంటే బరువు ఎక్కువన్నమాట. కొంచెం తినగానే కడుపు నిండిపోతోందని, మాటిమాటికీ మూత్రం వస్తోందని, చేతులు సన్నబడుతున్నా పొట్ట పెరుగుతోందని చెప్పాను. డాక్టరు గారు గోడ మీది పట్టిక చూశారే గానీ నా పొట్ట మీద చెయ్యి వేయలేదు. "ముందు నోరు కట్టుకోండమ్మా, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. తినలేకపోతున్నానని మొరపెట్టుకున్న మనిషితో అనవలసిన మాటేనా అది?

ఆ రాత్రి పొత్తికడుపులో కుడివైపు మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. వాంతులు, చల్లటి చెమటలు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టేది. మా వారు "గ్యాసేమో, తెల్లవారనీ" అన్నారు. చెల్లెలు ఒప్పుకోలేదు. "బావగారూ, అక్క ముఖం చూడండి, ఇప్పుడే తీసుకెళ్లాలి" అని పట్టుబట్టింది. దారిలో ఊపిరి పీల్చాలన్నా భయమేసింది. పిల్లల్ని ఎవరు చూస్తారన్న ఆలోచన ఒక్కటే. అత్యవసర విభాగంలో చిన్న వయసు డాక్టరమ్మ పొట్ట తడిమి వెంటనే స్కానింగుకు పంపింది. పెద్ద తిత్తితో పాటు అండాశయం మెలితిరిగి దానికి రక్తం అందడం ఆగిపోయింది. ఆపరేషన్ చేశారు. ఆ అండాశయం దక్కలేదు, నేను దక్కాను. ఆ అమ్మాయి చల్లగా ఉండాలని రోజూ దేవుణ్ని వేడుకుంటాను.

కోలుకున్నాక బరువు 64, బీఎంఐ 26. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం తిత్తిలోని నీరే! ఒంట్లో ఉన్నది కొవ్వో, కండో, నీరో ఆ అంకె చెప్పదు. 19వ శతాబ్దంలో బెల్జియం గణితవేత్త కెట్లే ఆ సూత్రం కట్టింది జనసమూహాల సగటు తెలుసుకోవడానికి, రోగ నిర్ధారణకు కాదు. పైగా ఒకే బీఎంఐ ఉన్నా మగవాళ్లకంటే ఆడవాళ్లలో కొవ్వు శాతం ఎక్కువ.

అలాగని దాన్ని పక్కన పెట్టలేదు. ఆసియా వాళ్లకు బీఎంఐ 23 దాటినప్పటి నుంచే మధుమేహం ముప్పు పెరుగుతుందంటారు కాబట్టి రోజూ నడుస్తున్నాను, నడుము 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకుంటున్నాను. కానీ అక్కలారా, పొట్ట ఒక్కటే పెరుగుతూ ఆకలి మందగిస్తే స్కానింగ్ రాయించుకునేదాకా కుర్చీలోంచి లేవకండి.

నా నివేదికల నకలు ఆ మొదటి డాక్టరు గారికి పంపాను. జవాబు రాలేదు. క్షమాపణ నాకు అక్కర్లేదు, తర్వాత వచ్చే ఆడమనిషి పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే చాలు.