నవాబ్‌పేట ఫోల్డర్ ఎందుకు తెరుచుకోదు

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఎస్కేప్ క్యారెక్టర్లు, అంటే \ గుర్తు వెనక వచ్చి వేరే అర్థం తెచ్చుకునే అక్షరాలు, చెప్పాల్సి వచ్చినప్పుడు నేను పుస్తకంలోని ఉదాహరణల జోలికి పోను. మా మహబూబ్‌నగర్ జిల్లా మండలాల పేర్లు చాలు. సాయంత్రం బ్యాచ్ పిల్లలు చాలామంది ఆ ఊళ్ల నుంచే బస్సెక్కి వస్తారు. సొంతూరి పేరు దగ్గర ప్రోగ్రాం ఆగిపోతే ఎందుకో తేలేదాకా ఊరుకోరు.

విండోస్ కంప్యూటర్‌లో డి డ్రైవ్‌లో మండలానికో ఫోల్డర్ పెట్టిస్తాను, పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. ఫోల్డర్ దారిని మామూలుగా కొటేషన్ల మధ్య "d:\nawabpet" లాగా రాసి తెరవమంటే జడ్చర్ల తెరుచుకుంటుంది. దేవరకద్ర, మిడ్జిల్, హన్వాడ, కోయిల్‌కొండ కూడా వస్తాయి. నవాబ్‌పేట రాదు. రాజాపూర్ రాదు. బాలానగర్, భూత్పూర్, అడ్డాకల్ కూడా అంతే. "అక్కా, జడ్చర్ల వస్తుంది గానీ మా నవాబ్‌పేట వస్తలేదు" అని ఎవరో ఒకరు అంటారు. వెంటనే ఫోల్డర్ పేరు మార్చడానికి చెయ్యి మౌస్ మీదికి పోతుంది. అక్కడ ఆపుతాను. ముందు ఆ దారిని ప్రింట్ చేసి చూడమంటాను. తెరమీద డి, కోలన్ ఒక లైన్లో ఉంటాయి, కింది లైన్లో "అవాబ్‌పేట" ఉంటుంది. మొదటి అక్షరం ఎటు పోయిందో అప్పుడు అర్థమవుతుంది.

బ్యాక్‌స్లాష్ (\) వెనకే చిన్న ఎన్ కనిపిస్తే పైథాన్ దాన్ని అక్షరంగా చదవదు, "కొత్త లైన్‌కు పో" అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. ఆర్ కనిపిస్తే లైన్ మొదటికి పొమ్మని, బి అయితే ఒక అక్షరం వెనక్కి రమ్మని, ఏ అయితే గంట కొట్టమని అర్థం. ఆ గంట టెలిప్రింటర్ల కాలం నాటిది. జె, డి, ఎం, హెచ్, కె లకు అలాంటి అర్థమేదీ లేదు కాబట్టి ఆ ఊళ్లు బతికిపోయాయి. పైథాన్ 3.12 నుంచి వాటికి కూడా హెచ్చరిక చూపిస్తుంది, దాన్ని పట్టించుకోవాలి.

పెద్ద అక్షరంతో మొదలుపెడితే కథ ఇంకో రకంగా ఉంటుంది. బాలానగర్, రాజాపూర్, అడ్డాకల్ చక్కగా తెరుచుకుంటాయి. నవాబ్‌పేట మాత్రం మరీ మొండికేస్తుంది, ప్రోగ్రాం అసలు మొదలే కాదు. బ్యాక్‌స్లాష్ తర్వాత పెద్ద ఎన్ వస్తే, వెనకే మీసాల బ్రాకెట్‌లో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ నంబరు, పేరు ఇచ్చే ప్రమాణం) లోని ఏదో అక్షరం పేరు ఉండాలని పైథాన్ ఎదురుచూస్తుంది. ఈ ఒక్క పేరుతో గంట క్లాసు నడుస్తుంది.

ఈ చిక్కు ఎలా వచ్చిందో కూడా చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే మర్చిపోరు. బ్యాక్‌స్లాష్‌ను 1961లో బాబ్ బెమర్ అనే కంప్యూటర్ నిపుణుడు ప్రతిపాదించాడు, అక్షరాలకు నంబర్లిచ్చే 1963 ఆస్కీ ప్రమాణంలో 92వ నంబరుగా చేరింది. ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని తర్కపు గుర్తులను /\ అని, \/ అని రాసుకోవడానికి పనికొస్తుందని ఆయన ఆలోచన. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సీ భాషను తయారుచేసినప్పుడు ఆ గుర్తు స్ట్రింగుల్లో (కొటేషన్ల మధ్య రాతల్లో) ఎస్కేప్‌కు వాడుకలోకి వచ్చింది. సీ పుట్టిన యూనిక్స్ సిస్టమ్‌లో ఫోల్డర్ల మధ్య మామూలు స్లాష్ ఉండేది, కాబట్టి అక్కడ గొడవే లేదు. 1983లో విండోస్‌కు పూర్వీకుడైన డాస్ 2.0 కి ఫోల్డర్లు వచ్చేసరికి మామూలు స్లాష్ అప్పటికే కమాండ్ల ఆప్షన్లకు పోయింది, బ్యాక్‌స్లాష్ మిగిలింది. ఒకే గుర్తుకు రెండు ఉద్యోగాలు పడ్డాయి.

పరిష్కారం చిన్నదే. \\ అని రెండుసార్లు రాయవచ్చు. కొటేషన్ ముందు ఆర్ పెట్టి, బ్యాక్‌స్లాష్‌ను మామూలు గుర్తుగానే చదివే రా స్ట్రింగ్ చేయవచ్చు, కాకపోతే అది ఒంటి బ్యాక్‌స్లాష్‌తో ముగియకూడదు. నేనైతే మామూలు స్లాష్ రాయమంటాను. పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు విండోస్ దాన్నీ ఒప్పుకుంటుంది, చదవడానికీ తేలిక.

అసలు నాకు పట్టింపు ఉన్న విషయం వేరే ఉంది. ఇబ్బంది పెట్టే గుర్తు కనిపించగానే తీసిపారేసే అలవాటు. పగటి పూట నేను విత్తనాల, ఎరువుల దుకాణాలకు ప్రోగ్రాములు రాసిస్తాను. ఒక దుకాణంలో అంతకుముందు ఎవరో చేసిచ్చిన ప్రోగ్రాం రైతుల వివరాల్లోంచి స్లాష్‌లన్నీ తీసేసేది. మన దగ్గర సర్వే నంబర్లలో స్లాష్ లేకుండా పని జరగదు కదా. 112/అ కాస్తా 112అ అయితే ఎలాగో పోల్చుకోవచ్చు. కానీ 11/2 అన్నది 112 అయిపోయింది! వేరే రైతు భూమి అది. రిజిస్టర్ దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచేయాల్సి వచ్చింది. పేర్లలో ఉరఫ్‌కు రాసే @ గుర్తుదీ అదే గతి. నర్సిములు @ నర్సింహ అన్న మనిషి రెండు పేర్లూ అతుక్కుపోయి కొత్త మనిషయ్యాడు.

ఏ గుర్తూ దానంతటది ప్రమాదం కాదు. దాన్ని తర్వాత ఎవరు చదవబోతున్నారన్నదే చూడాలి. డేటాబేస్ చదువుతుందంటే ఒంటి కొటేషన్‌తో పేచీ. డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ భాషలో దాన్ని '' అని రెండుసార్లు రాయాలి. అంతకన్నా మంచి దారి, విలువను వాక్యంలో అతికించకుండా ప్రశ్నార్థకం గుర్తు పెట్టి విడిగా పంపడం. విలువల మధ్య కామాలు పెట్టే సీఎస్‌వీ ఫైలుకు కామాతో పేచీ, విలువను "" మధ్య పెట్టాలి. బ్రౌజర్‌కు & తోనూ, < తోనూ పేచీ, వాటిని & అని, < అని రాయాలి. అందుకే లోపల దాచేది మనిషి చెప్పింది చెప్పినట్టే దాచాలి. బయటికి పంపేటప్పుడు, ఆ చదివేవారికి తగ్గట్టు, అప్పుడే ఎస్కేప్ చేయాలి.

ఎక్సెల్ విషయంలో ఇది బాగా కొడుతుంది. రెండెకరాల పది గుంటలను మనం 2-10 అని రాస్తాం. కంప్యూటర్‌లో మన దేశపు తేదీ సెట్టింగ్ ఉంటే ఎక్సెల్ దాన్ని అక్టోబర్ 2 అనుకుంటుంది. సెల్‌ను టెక్స్ట్‌గా మారిస్తే వెనక్కి వస్తుందనుకోవద్దు. 2025లో కొట్టి ఉంటే 45932 అని కనిపిస్తుంది, గుంటలు పోయినట్టే. టైపు చేసేటప్పుడు ముందు ఒక ' పెడితే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. సీఎస్‌వీ నుంచి తెచ్చుకునేటప్పుడైతే ఆ కాలమ్ టెక్స్ట్ అని దిగుమతిలోనే చెప్పాలి.

తెలుగు రాతకు ఇంకో జాగ్రత్త కావాలి. మహబూబ్‌నగర్ అన్న మాటలో బ్ తర్వాత కంటికి కనిపించని క్యారెక్టర్ ఒకటుంది, యూనికోడ్‌లో 200సి. శుభ్రం చేస్తున్నామని దాన్ని తీసేస్తే బిల్లు మీద మహబూబ్నగర్ అని ఒత్తు పడుతుంది. అలాగే పైథాన్‌తో జేసన్ (JSON, ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే రూపం) ఫైలు రాయిస్తే పాలమూరు అన్న చిన్న మాట బ్యాక్‌స్లాష్‌లు, యు లు, అంకెలు కలిసి 42 క్యారెక్టర్ల బారు అవుతుంది. చూడగానే టెన్షన్ పడతారు గానీ డేటా పాడవలేదు, తిరిగి చదివిస్తే పాలమూరే వస్తుంది. ఫైలును మనుషులు తెరిచి చూసేదైతే ఎన్ష్యూర్ ఆస్కీ (ensure_ascii) సెట్టింగ్‌ను ఫాల్స్ చేసి, తెలుగు అక్షరాలను అలాగే దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో రాయించండి. యూటీఎఫ్-8 సరిగా చదవలేని పాత సిస్టమ్‌కు పంపేదైతే మాత్రం ఆ 42 క్యారెక్టర్లనే పంపండి.