చింతచెట్టు పోగొట్టిన పరువు

నిన్న రాత్రి ఎట్టకేలకు వాటర్ కలర్‌లో ఒక చింతచెట్టు చెట్టులా వచ్చింది, అందుకే ఆ ఊపులో రాసేస్తున్నా. మూడు నెలలు పట్టింది. పేపర్‌ని బోర్డుకి టేపేసి అంటించడం, ఆకాశం వేయడం మొదటి వారంలోనే వచ్చేశాయి.

విశాఖలో ఒక వర్క్‌షాప్‌కి వెళ్లా, రెండు రోజులకి 1800. అరకు లోయ ఫొటో ఇచ్చి వేయమన్నారు. నేను వెనక కొండలకీ, మధ్యలో పొలాలకీ, ముందున్న చెట్టుకీ ట్యూబులోంచి పిండిన సాప్ గ్రీన్ అనే ఆకుపచ్చ ఒక్కటే కొట్టేశా. పైగా చెట్టు సగం ఆరాక ఇంకా బాలేదనిపించి నీళ్ల బ్రష్‌తో మళ్లీ కెలికా, అంతే, రంగు పక్కకి పాకిపోయి పువ్వులు విచ్చుకున్నట్టు మరకలు. సార్ దాన్ని పైకెత్తి అందరికీ చూపించి "ఏంటమ్మా ఇది, గోబీ మంచూరియానా?" అన్నారు. పక్కన కూర్చున్న ఎనిమిదో క్లాసు పిల్ల కూడా నవ్వింది. ఎందుకలా అయ్యిందో మాత్రం ఆయన చెప్పలేదు, మధ్యాహ్నం 12 బ్రష్‌ల సెట్ అమ్మడానికి మాత్రం టైం దొరికింది. సిగ్గులేకుండా కొన్నా కూడా. ఇప్పుడు వాడేది రెండే, 8వ నంబర్ రౌండు, సన్న కొమ్మలకి రిగ్గర్ అనే పొడుగు వెంట్రుకల సన్న బ్రష్.

పేపర్ మీద తడి మెరుస్తున్నంతసేపు రంగు కలపొచ్చు, మెరుపు పోయాక పేపర్ కంటే బ్రష్‌లో నీళ్లెక్కువుంటే ఆ మరకలు ఖాయం. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. మన విశాఖ ఉక్కలో ఎంతకీ ఆరదు, హెయిర్ డ్రయర్ పెట్టుకోండి.

దూరం సంగతి డాబా మీద బట్టలారేస్తుంటే అర్థమైంది. సింహాచలం కొండ నిండా చెట్లే కదా, పొద్దున్నే మా డాబా నుంచి చూస్తే ఆకుపచ్చే లేదు, లేత నీలం బూడిద! అందుకే దూరం కొండకి అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్ంట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), బోలెడు నీళ్లు. ముందు చెట్టు మాత్రం భయపడకుండా ముదురుగా, ఎలాగూ ఆరితే ఒక మెట్టు తేలిపోతుంది.

ఆకులు వేయడం మానేశా. మూడు నాలుగు గుబుర్లు, ఎండ వైపు పసుపు కలిపిన పచ్చ, అది తడిగా ఉండగానే కింద నీడ. అంచుల్లో ఆరీఆరని బ్రష్‌ని పడుకోబెట్టి ఈడిస్తే గరుకు పేపర్ మీద చిన్నాకులు వాటంతటవే పడతాయి. గుబుర్ల మధ్య ఆకాశం సందులు వదిలి, కొమ్మలు ఆ సందుల్లోనే వేయాలి. 300 జీఎస్ఎం మందం కాటన్ పేపరే కొనండి, పిసినారితనం బ్రష్‌ల దగ్గర చూపించండి.

ఏం చెట్టో చెప్పకుండా అమ్మకి చూపించా. కళ్లజోడు పెట్టుకుని చూసి "కాయల్లేవేంటే, ఇంకా చింతచిగురు రోజులా?" అంది.