గోపురం కాదు, కింద పీఠం చూడండి

చుట్టాలు వస్తే తిరుమల దర్శనం అయ్యాక ఏర్పేడు దగ్గరి గుడిమల్లం శివాలయానికి తీసుకెళతాను. లింగాన్ని చూసి అందరూ బయల్దేరబోతారు. నేను ఆపి, విమానం, అంటే శిఖరంతో కూడిన గర్భగుడి కట్టడం, వెనక వైపుకు తీసుకెళ్లి, దాని కిందనున్న రాతి పీఠాన్ని చూపిస్తాను. ఇళ్ల ప్లాన్లు గీయడం నా వృత్తి. గోడకు అంచులు ఎందుకు తీర్చాలో నాకు తెలిసింది ఇలాంటి పీఠాల దగ్గరే.

ఈ పీఠాన్ని అధిష్ఠానం అంటారు. అన్నిటికన్నా అడుగున ఉండే పలక ఉపానం. ఉపానహం అంటే పాదరక్ష. దాని మీద నిటారుగా ఉండే రాతి వరుస జగతి, అంటే భూమి. ఆపైన ముందుకు ఉబికి వచ్చేది కుముదం, కలువ. నున్నగా గుండ్రంగా ఉంటే వృత్త కుముదం, మూడు పలకలు తీరిస్తే త్రిపట్ట కుముదం. త్రిపట్టాన్ని కాస్త పొద్దెక్కాక చూడాలి. పై పలక తళతళలాడుతుంది, నడిమిది మామూలుగా ఉంటుంది, కిందిది నల్లబడుతుంది. రాయి ఒకటే, రంగులు మూడు!

కుముదం పైన లోపలికి తగ్గిన భాగం కంఠం. గ్రీకు స్తంభాల పాదాల్లోనూ ఇలాంటి గాడి ఒకటి ఉంటుంది. దాని పేరు స్కోషియా, చీకటి అన్న మాట నుంచి పుట్టింది. దానికి పైనా కిందా ఉబికి ఉండేది టోరస్, లాటిన్‌లో దిండు. మన పేర్లు నాకు ప్రాణమే కానీ, ఈ గాడి విషయంలో మాత్రం గ్రీకులకే నా ఓటు. శిల్పి అంత రాయిని తొలిచింది ఆ నీడ కోసమే కదా.

గోడ పైన చూరులా వంగి దిగేది కపోతం, పావురం. దాని మీద వరుసగా కనిపించే లాడం ఆకారాలను శాస్త్రం నాసికలంటుంది, తమిళులు కూడు అంటారు. అది మన గూడే. పావురానికి గూడు కట్టిన వాళ్ల ఊహకు దండం పెట్టాలి.

గుడిమల్లం విమానం గజపృష్ఠం, ఏనుగు వెనుక భాగంలా గుండ్రంగా తిరుగుతుంది. అంచులన్నీ దానితో పాటే తిరగాలి. అంటే ప్రతి రాయినీ ఆ వంపుకు సరిపడా చెక్కాలి, పక్క రాయితో గీత కలవాలి.

బాధ కలిగించేది ఒకటుంది. చాలా పాత గుళ్లలో ప్రాకారంలో కొత్త బండలు పరిచి నేల ఎత్తు పెంచేస్తున్నారు. ఉపానం పూర్తిగా, ఒక్కోచోట జగతి కూడా సగం పూడిపోతున్నాయి. పీఠం చుట్టూ జానెడు వెడల్పు కాలువ వదిలి బండలు పరిస్తే చాలు. వాన నీరు పోతుంది, ఉపానం కనిపిస్తుంది. మీ ఊరి గుడిలో పని మొదలవుతుంటే, బండలు దిగకముందే ఈ మాట చెప్పండి.