పాత టేకు దూలాల్లో మేకుల వేట: చేతి మెటల్ డిటెక్టరుతో పని ఎంతవరకు వచ్చింది

జూన్: సామాను, అమరిక

కోనసీమలో ఒక మండువా ఇంటిని విప్పినప్పుడు వచ్చిన టేకు దూలాలను, ఒక ద్వారబంధాన్ని, కొన్ని వాసాలను అడితి నుంచి తెచ్చుకున్నాను. వాటితో ఒక ఉయ్యాల బల్లను, కలప మిగిలితే పీటలను చేయాలన్నది ఈ ఏటి పని. పాత కలప ఏనాడో ఆరిపోయి ఉంటుంది కనుక కోసిన తరువాత పెద్దగా వంకర తిరగదు. అయితే ఇన్ని దశాబ్దాల్లో అందులో ఎవరు ఎక్కడ మేకు దిగగొట్టారో చెప్పే నాథుడు ఉండడు. సామిల్లు యజమానిని అడిగితే, “మేకులన్నీ తీసేశామనే అంటారండీ అందరూ, బ్లేడు ఒప్పుకోవాలి కదా!” అని తేల్చేశారు. కార్బైడ్ పళ్ళ బ్లేడుకు ఒక్క మేకు తగిలినా పళ్ళు ఎగిరిపోతాయి. చిత్రిక పట్టే యంత్రమైన ప్లేనరు కత్తికి గంటు పడితే ఆ తరువాత వచ్చే ప్రతి చెక్క మీదా ఒక సన్నని గీత తేలుతుంది. అందుచేత ఆయన మాటను తప్పుపట్టడానికి లేదు.

ఈ పనికి రెండు పరికరాలను సమకూర్చుకున్నాను. మొదటిది సినిమా హాళ్ళ దగ్గర కాపలావారు ఒంటి మీదుగా తిప్పే పొడవాటి చేతి డిటెక్టరు. రెండోది నేలలో వెతికేవారు గుంట తవ్వాక వస్తువు ఏ మూల ఉందో తేల్చుకోవడానికి వాడే పిన్‌పాయింటరు. అది ముల్లంగి దుంపంత ఉంటుంది, దాని పట్టంతా మొన దగ్గరే. పెద్దది చోటు చూపితే చిన్నది బిందువు చూపుతుంది. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే మాత్రం పెద్దదే కొనమంటాను, ఎందుకంటే బిందువును సుద్దముక్కతోనూ ఓపికతోనూ పట్టవచ్చు గాని, చిన్న మొనతో ఎనిమిది అడుగుల దూలాన్ని నాలుగు వైపులా గాలించడం అయ్యే పని కాదు.

రెండింటి పనితీరూ స్థూలంగా ఒకటే. లోపలి తీగచుట్టలో దిశ మారుతూ ప్రవహించే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రంలో లోహం ఉంటే దానిలో సుడి ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే విద్యుత్తు, పుట్టి తీగచుట్ట మీద తిరిగి ప్రభావం చూపుతాయి. ఇనుమైతే అయస్కాంత గుణం వల్ల కూడా క్షేత్రం మారుతుంది. ఆ మార్పు ఒక హద్దు దాటినప్పుడే శబ్దం వస్తుంది. పొడి కలప విద్యుత్తును ప్రసరింపజేయదు, దానికి అయస్కాంత గుణమూ లేదు. కాబట్టి నేలలో వెతికేవారికి ఉండే మట్టి సర్దుబాటు, అంటే మట్టిలోని ఖనిజాలకే పరికరం మోగకుండా సరిచేసుకునే తలనొప్పి, మనకు లేదు. మనకు ఉన్న చిక్కల్లా దూరమే. క్షేత్రం వెళ్ళేటప్పుడు దూరపు ఘనాన్ని బట్టి బలహీనపడుతుంది, లోహం నుంచి వచ్చే ప్రతిస్పందన కూడా తిరుగుదారిలో అలాగే తగ్గుతుంది. తీగచుట్ట పరిమాణం కన్నా బాగా దూరంలో ఉన్న చిన్న మేకు విషయంలో, దూరం రెట్టింపయితే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది. అందుకే మోగినప్పుడు పరికరాన్ని నమ్మడంలో ఇబ్బంది లేదు. మోగనప్పుడు ఎంత లోతు వరకు నమ్మవచ్చో ఎవరి పరికరానికి వారే తేల్చుకోవాలి. ఈ నెల పనంతా ఆ లెక్క చుట్టూనే నడిచింది.

ముందుగా బ్యాటరీ. రెండింటిలోనూ 9 వోల్టుల చదరపు బ్యాటరీయే పడుతుంది. రీచార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం బ్యాటరీలు పేరుకు 9 వోల్టులైనా, లోపలి సెల్లుల సంఖ్యను బట్టి అసలు వోల్టేజి 7.2 గానీ 8.4 గానీ ఉంటుంది, 7.2 రకం వేస్తే నా పరికరంలో తక్కువ చార్జి దీపం తొందరగా వెలిగింది. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ వేసుకుని, పని అయ్యాక తీసి పక్కన పెట్టడమే మేలని తేలింది.

తరువాత పరిసరాలు. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ కాల్పులకు గురైనప్పుడు, ఆయన ఒంట్లోని గుండును వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇలాంటి పరికరాన్నే తయారుచేసి తీసుకువెళ్ళాడు. వైద్యుడు ఒక పక్కనే వెతకనివ్వడం ఒక కారణమైతే, పరుపు కింద ఉన్న ఉక్కు తీగల అల్లిక మరో అయోమయానికి కారణమైంది, గుండు దొరకలేదు. నా బల్లకు ఒక పక్క ఇనుప వైసు, కింద బోల్టులు ఉన్నాయి కనుక ఆ ఉక్కు తీగల సంగతి నాకూ వర్తిస్తుంది. దూలాలను బల్ల మీద కాక, కొయ్య సీలలతో బిగించిన రెండు చెక్క స్టాండ్ల మీద మోకాలి ఎత్తుకు పైన పెట్టాను. నేల మీద పెట్టడమూ పనికిరాదు. మేడ మీద పనిచేసేవారికి కాళ్ళ కిందే స్లాబు కడ్డీలు ఉంటాయి, వాటి పైన ఉండే కాంక్రీటు మందం సాధారణంగా 2 సెంటీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. చేతి గడియారం, ఉంగరం, మొలతాడుకు కట్టిన తాళంచెవులు, జేబులో ఫోను అన్నీ పక్కన పెట్టాలి. పిన్‌పాయింటరును మాత్రం లోహానికి దూరంగా గాలిలో పట్టుకునే ఆన్ చేయాలి. మేకు పక్కన ఆన్ చేస్తే ఆ మేకునే సున్నాగా లెక్కించుకుని దాని మీద మౌనంగా ఉండిపోతుంది.

ఇక పరీక్ష చెక్క. చిత్రిక పట్టిన శుభ్రమైన వేపచెక్క ఒకటి తీసుకుని, పై ముఖానికి సమాంతరంగా ఉండేలా అంచులోంచి వరుసగా 1, 2, 3, 4, 5, 6 సెంటీమీటర్ల లోతుల్లో సన్నని రంధ్రాలు వేశాను. ఏ రంధ్రంలోకి మేకును తోస్తే పై ముఖం నుంచి అది అంత లోతులో ఉన్నట్టు లెక్క. రెండంగుళాల మేకును పెద్ద డిటెక్టరు 6 సెంటీమీటర్ల దగ్గర కూడా తడబడకుండా పట్టింది. అర అంగుళం సన్న మేకుకు 2 సెంటీమీటర్లు దాటాక శబ్దం వస్తూ పోతూ ఉంది, 3 దగ్గర అసలు రాలేదు. ఇత్తడి స్క్రూ ఈ రెండింటికీ మధ్యలో నిలిచింది. పిన్‌పాయింటరు పట్టు వీటన్నిటిలో సుమారు సగం. ఈ అంకెలు నా పరికరాలకు, నా బ్యాటరీకి మాత్రమే చెందినవి. ఎవరి చెక్క వారు చేసుకోవలసిందే, దానికి ఒక పూట చాలు.

జూలై: దూలాలు, వాసాలు

వెతికే ముందు కలపను శుభ్రం చేయాలి. సున్నం, మట్టి, చీడపురుగు బొరియల్లో ఇరుక్కున్న ఇసుక కూడా కత్తిని మొద్దుబరుస్తాయి, వాటిని ఏ డిటెక్టరూ పట్టదు. అయితే ఇనుప తీగల బ్రష్షుతో రుద్దకూడదు. దాని తీగముక్కలు విరిగి టేకు రేఖల్లో దిగబడితే, వెంట్రుకంత ఉన్నా సరే, పిన్‌పాయింటరు వాటి మీద మోగుతుంది. లేని మేకు కోసం ఉలితో గుంటలు తీయవలసి వస్తుంది. కొబ్బరి పీచు బ్రష్షు, వెదురు పుల్ల, చివరికి గాలి గొట్టం, ఇవి చాలు.

కంటితో చూడటాన్ని కూడా తక్కువ అంచనా వేయకూడదు. తేమ తగిలిన చోట ఇనుము కలపలోని టానిన్లనే వగరు పదార్థాలతో కలిసి నీలం కలిసిన నల్లటి మచ్చ వేస్తుంది. మేకు తల విరిగిపోయి పైన రంగు కప్పేసినా, ఒక పొర చిత్రిక పట్టగానే ఆ మచ్చ బయటపడి, రేఖల వెంబడి పైకీ కిందికీ సాగి కనిపిస్తుంది. తుమ్మ, మద్ది వంటి కలపలో ఈ మచ్చ మరీ చిక్కగా ఉంటుంది. మచ్చ కనిపించి శబ్దం రాకపోతే రెండు కారణాలు ఉండవచ్చు: ఎవరో మేకును ఎప్పుడో పీకేసి ఉండాలి, లేదా అది పూర్తిగా తుప్పుగా మారి ఉండాలి. తుప్పు విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు కనుక దాని సంకేతం బలహీనం. ఇలాంటి చోట సన్నని డ్రిల్ బిట్టుతో తడిమి చూడటం తప్ప వేరే దారి లేదు.

గాలించే పద్ధతి ఇది. డిటెక్టరు బల్లపరుపు భాగాన్ని కలపకు ఆనీ ఆననట్టు పట్టుకుని, ఒక దారికీ పక్క దారికీ సగం వెడల్పు కలిసేలా నెమ్మదిగా జరపాలి. మోగిన చోట సుద్దతో గుండ్రంగా గీయాలి. నాలుగు ముఖాల మీదా ఇలా చేశాక, పిన్‌పాయింటరుతో పై ముఖం మీద శబ్దం మొదలైన చోటును, ఆగిన చోటును గుర్తుపెట్టి ఆ రెంటి మధ్యలో ఒక గీత గీయాలి. పక్క ముఖం మీద కూడా అదే చేయాలి. పై గీత నుంచి నిలువుగా కిందికి, పక్క గీత నుంచి అడ్డంగా లోపలికి ఊహించుకుంటే రెండూ కలిసే చోట మేకు ఉంటుంది. లోతు కూడా దానితోనే తెలిసిపోతుంది. శబ్దం మరీ వెడల్పుగా వస్తుంటే, అది మొదలైన చోటే పరికరాన్ని మళ్ళీ సున్నా చేస్తే పట్టు తగ్గి, ఇంకా దగ్గరికి వెళ్ళినప్పుడే మోగుతుంది. ఆ తరువాత పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి ఆ చోట వేలాడదీస్తాను. అది అటు ఒరిగితే ఇనుము. ఒరగకపోతే ఇత్తడి, రాగి కావచ్చు, లేదా మేకు అయస్కాంతానికి అందనంత లోతున ఉండవచ్చు.

వాసాల పని అనుకున్నదానికన్నా సులువుగా సాగింది. పెంకుల కింద బద్దలు కొట్టిన మేకులు దాదాపు సమాన దూరాల్లో ఉంటాయి కనుక, రెండు మూడు దొరికితే మిగతావి ఎక్కడుండాలో కొలబద్దే చెబుతుంది. వరుసలో ఒక చోట మోగకపోతే అక్కడే మరింత శ్రద్ధగా చూడాలి. అలాంటి చోట్ల ఎక్కువగా ఖాళీ రంధ్రమే ఉంది, ఒకచోట మాత్రం తుప్పుపట్టి లోపలే విరిగిన మేకు మొన ఉంది. దూలాల్లో కొలిమిలో సాగగొట్టిన నలుపలకల మేకులు, ఉయ్యాల కొక్కెం తాలూకు మరసీల, కరెంటు తీగలకు కొట్టిన చిన్న క్లిప్పుల మేకులు దొరికాయి. ఈ చిన్నవే ఎక్కువ విసిగించాయి గాని, ఆలోచిస్తే వాటి వల్ల ప్రమాదం తక్కువే. మేకు అనేది బయటి నుంచి లోపలికి దిగేది. అర అంగుళం మేకు అర అంగుళం లోతులోనే ఉంటుంది, ఆ లోతును పెద్ద డిటెక్టరు నిశ్చింతగా పడుతుంది. అనుమానించవలసినవి వేరే ఉన్నాయి: తొలిచిన బెజ్జాల అడుగు, పైన చెక్క అతుకు వేసిన చోట్లు, మరొక దూలం వచ్చి కూర్చున్న గాళ్ళు. అక్కడ చిన్న ముక్క కూడా లోతున ఉండగలదు.

రోడ్డు పక్క వేప, చింత మొద్దులు కొనాలనుకునేవారికి ఒక మాట. చెట్టుకు బోర్డు కొట్టిన మేకు, కంచెకు చుట్టిన తీగ ఎత్తు మారకుండా అక్కడే ఉండి, మాను లావెక్కుతున్న కొద్దీ లోపలికి పోతాయి. అలాంటి మొద్దు విషయంలో పై లెక్కలేవీ పనికిరావు. ప్రతి కోతకూ మళ్ళీ వెతకవలసిందే.

తీయడంలో వరుస ఇది. తల ఉన్న మేకును కింద పలుచని చెక్కముక్క పెట్టి పంజా సుత్తితో లేపవచ్చు. తల లేనిదానికి చుట్టూ సన్న ఉలితో రెండు మిల్లీమీటర్లు తొలిచి, కటింగ్ ప్లేయరుతో పట్టుకుని ముందు కాస్త మెలితిప్పాలి. తుప్పు పట్టు వదిలిన చిన్న కిర్రుమనే శబ్దం వినిపించాకే లాగాలి, లేకపోతే మధ్యకు విరుగుతుంది. తీసిన వెంటనే అదే చోట మళ్ళీ డిటెక్టరు పెట్టాలి. పెద్ద మేకు శబ్దంలో దాని పక్కనున్న చిన్నదాని శబ్దం కలిసిపోయి ఉంటుంది; నలుపలకల మేకు తీసిన చోట్ల రెండోసారి మోగడం నాకు మామూలైపోయింది.

ఈ పరికరం చేతిలో చూసిన ప్రతివారూ గుప్తనిధుల గురించే అడుగుతున్నారు. భూమిలో దాచిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోందనీ, నా వెతుకులాట కొన్న కలపలోనేననీ చెప్పి పంపుతున్నాను. నిజానికి ద్వారబంధంలో మోగిన చోట్లన్నీ గొళ్ళెం తాలూకు కొంకీలూ మడతబందుల స్క్రూలే.

ఆగస్టు: సామిల్లు

దూలాలను సామిల్లుకు తీసుకువెళ్ళేటప్పుడు పెద్ద డిటెక్టరును, పరీక్ష చెక్కను కూడా పట్టుకువెళ్ళాను. యజమాని చెక్క రంధ్రాల్లో మేకును మారుస్తూ తానే పరీక్షించి చూసుకున్నాక కోతకు ఒప్పుకున్నారు, అదీ పాత బ్లేడు వేసే షరతు మీద. ఒక్కో కోత అయ్యాక కొత్తగా తెరుచుకున్న ముఖాన్ని గాలించి గాని తరువాతి కోతకు వెళ్ళలేదు. మిల్లులో మోటారు పక్కన డిటెక్టరు ఊరికే మోగుతోంది. పలకలను పదడుగుల దూరం జరిపి ఆరుబయట చూసుకోవలసి వచ్చింది. కోతలన్నీ సాఫీగా అయ్యాయి.

ఒక దూలం కొస మాత్రం కోయించలేదు. అక్కడ రెండు బెజ్జాలు ఎదురెదురుగా కలిసి, అడుగున పాత కొయ్యసీల బిగుసుకుపోయి ఉంది. పై ముఖం నుంచి దాని అడుగు 7 సెంటీమీటర్లు, నా చెక్క హామీ ఇచ్చేది పెద్ద మేకుకు 6 మాత్రమే. ఆ అడుగున్నర ముక్కను చేతిరంపంతో వేరుచేసి పీట కాళ్ళకు ఉంచాను. దానికి బాడిశ, ఉలి తప్ప యంత్రం తగలనివ్వను. పలకలు ఇప్పుడు నీడలో పేర్చి ఉన్నాయి. ప్లేనరుకు పంపే ముందు ఇంకొకసారి రెండు ముఖాలూ గాలించాలి, ఉయ్యాల గొలుసులకు రంధ్రాలు ఆ తరువాతే.