రెండడుగులు ఎడమకి

జర్మనీలోని ఎసెన్ స్టేషన్‌లో 107 నంబరు ట్రామ్ ఎక్కి జోల్‌ఫెరైన్ బొగ్గుగని దగ్గర దిగాను. ఎదురుగా 55 మీటర్ల ఇనుప గోపురం. గని అడుగు నుంచి బొగ్గు లాగిన చక్రాలు ఇంకా దాని పైనే ఉన్నాయి. 1932లో పని మొదలుపెట్టిన ఈ పన్నెండో షాఫ్టు (గనిలోకి దిగే బావి) 1986లో మూతపడింది, 2001లో యునెస్కో జాబితాకెక్కింది. ఫొటోల్లో ఎన్నిసార్లు చూసినా, ఎదురుగా నిలబడితే కాసేపు కెమెరా తీయబుద్ధి కాలేదు.

ఆ రోజు మంచి ఎండ. వైడ్ లెన్స్ పెట్టి, గోపురం కిందే నిలబడి, కెమెరా పైకెత్తి వందకు పైగా తీశాను. రాత్రి వాటిలో పది ఏరి, నాకు ఫొటోగ్రఫీ నేర్పిన గురువుగారికి పంపాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను.

ఫోన్ చేసి, "పక్క బిల్డింగు వెనక్కి పడిపోతోందేంటి?" అన్నారు.

కెమెరా పైకెత్తితే నిలువు గీతలన్నీ పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఇక్కడ షుప్, క్రెమ్మెర్ అనే ఆర్కిటెక్టులు కట్టిందంతా నిలువు గీతలూ అడ్డగీతలే: ఎర్రటి ఉక్కు చట్రాలు, వాటి మధ్య ఇటుక. "వాళ్లు అంత నిటారుగా నిలబెడితే నువ్వు వంచేశావు. ఇంకోటి, గోపురం వాలుకాలు వెనక గోడ అంచుకి అంటుకుపోయింది. ఏది ముందో ఏది వెనకో తెలీట్లేదు. రేపు మళ్లీ వెళ్లు. బాగా వెనక్కి జరిగి, అక్కణ్ణుంచి రెండడుగులు ఎడమకి వెయ్యి."

మర్నాడు మబ్బు పట్టింది. ముందు ఉసూరుమనిపించినా, ఫొటోగ్రాఫర్లు బెర్న్డ్, హిల్లా బెషర్ దంపతులు గుర్తొచ్చారు. 1959 నుంచి దశాబ్దాల పాటు ఇలాంటి కట్టడాలనే తీసిన ఆ ఇద్దరూ కావాలనే మబ్బు రోజులు ఎంచుకునేవారు. ఎందుకో ఆ పొద్దున తెలిసింది. ఎండలో ప్రతి కమ్మీ నీడా ఇంకో కమ్మీలా కనిపిస్తుంది. మబ్బు రోజున, నిజంగా ఉన్న కమ్మీలే కనిపిస్తాయి.

ఆవరణ చివరిదాకా వెనక్కి నడిచి, 70 ఎం.ఎం. లెన్స్ పెట్టి, ట్రైపాడ్ మీది లెవెల్ గొట్టంలో బుడగ మధ్యలోకి వచ్చేదాకా సరిచేశాను. గోడలు నిలబడ్డాయి. కాలు మాత్రం గోడకి అంటుకునే ఉంది. ఒకడుగు ఎడమకి వేస్తే ఏమీ మారలేదు. రెండో అడుగుకి, కాలికీ గోడకీ మధ్య సన్నని ఆకాశం తెరుచుకుంది. వేలెడంత కూడా లేదు. అయినా గోపురం ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడింది. అంత సంతోషం నాకు ఖరీదైన ఏ లెన్సూ ఇవ్వలేదు.

సాయంత్రం డ్యూయిస్‌బర్గ్ వెళ్లాను. 1985లో ఆగిపోయిన ఇనుము కర్మాగారం అక్కడిప్పుడు పార్కు. అయిదో కొలిమి పైదాకా మెట్లెక్కొచ్చు. చీకటి పడగానే గొట్టాల మీద రంగురంగుల లైట్లు వెలిగాయి. వాటినీ పంపాను.

"రంగులు లైట్లు పెట్టినవాళ్లవి. ఇందులో నీదేది?" అన్నారు.

ఈ మాట మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఆ లైట్లు ఇప్పుడు ఆ కొలిమిలో భాగమే. ఎక్కడ నిలబడి చూడాలన్నది నా ఇష్టమే కదా. అదే చెప్పాను. కాసేపు వాదించుకున్నాం. చివరికి ఆయనే పొద్దుటి ఫొటో దగ్గరికి వచ్చారు.

"గోపురానిది బావుంది. కానీ కుడి మూల చూడు."

పెద్దది చేసి చూశాను. ఏదో బోర్డు కొన ఫ్రేములోకి తొంగిచూస్తోంది.

నా రైలు మధ్యాహ్నానికి. పొద్దున్నే మళ్లీ 107 ఎక్కాను.