పొయ్యి ఊదినట్టే ఊదమంటావా?

అమ్మ జన్మలో సిగరెట్ ముట్టలేదు. అయినా ఈ రోజు గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు రాసింది సీఓపీడీ అనే, అంటే గాలి గొట్టాలు ఇరుకై, ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలపు జబ్బు. పెళ్లయినప్పటి నుంచి గ్యాసు వచ్చేదాకా కట్టెల పొయ్యి ముందే బతికిన మనిషి మరి. ఇన్నేళ్లూ ఆయాసం వచ్చినప్పుడల్లా ఒక ఇంజెక్షను, ఒక దగ్గు మందు, "వయసు కదమ్మా" అన్న ఓదార్పు. ఒక్కరూ గొట్టంలోకి ఊదించి ఊపిరి పరీక్ష చేసి చూడలేదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ముక్కుకు క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించాడు టెక్నీషియన్ కుర్రాడు. "పొయ్యి ఊదినట్టే ఊదమంటావా నాయనా?" అని అడిగింది అమ్మ. "అంతకన్నా గట్టిగా, ఆపకుండా" అన్నాడు. అమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే ఆ ఊదుడు లెక్కలోకి రాదట, మళ్లీ మొదలు. అతను "ఇంకా, ఇంకా, ఇంకా" అని అరుస్తుంటే బయట కూర్చున్నవాళ్లు తొంగి చూశారు. తర్వాత గాలి గొట్టాలను తెరిచే సాల్బుటమాల్ మందు పీల్పించి, కాసేపాగి మళ్లీ ఊదించారు. మొదటి సెకనులో వచ్చిన గాలిని మొత్తం గాలితో భాగిస్తే మందు తర్వాత కూడా 0.70 కన్నా తక్కువే ఉంది. అదీ నిర్ధారణ.

డాక్టరు రాసిన ఇన్‌హేలర్ ఎలా వాడతారో చూపించమంది నర్సు. అమ్మ నొక్కింది, ఆ తర్వాత తీరిగ్గా పీల్చింది. మందంతా పొగలా బయటికే పోయింది. మందు బయటికి పోకుండా పట్టి ఉంచే స్పేసర్ అనే డబ్బా తగిలించి, నొక్కాక నిదానంగా పీల్చి పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టడం నేర్పింది. చివర్లో నోరు పుక్కిలించాలి, లేకపోతే అందులోని స్టెరాయిడ్ వల్ల నోరు పూస్తుంది. "ఇది అలవాటైపోతుందటగా?" అంది అమ్మ. "ఊపిరి పీల్చడం అలవాటే కదమ్మా, దానికోసమే ఇది" అంది నర్సు.

కరోనా అప్పుడు కొన్న ఆక్సిజన్ మిషను బాబాయి ఇంట్లో మూలన పడి ఉంది, పంపిస్తానన్నాడు. డాక్టరు వద్దన్నారు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ 88 శాతం, అంతకన్నా తక్కువ ఉండేవాళ్లకే అది, రోజుకు కనీసం 15 గంటలు. అమ్మకు 94 ఉంది. పైగా ఈ జబ్బు ముదిరినవాళ్లకు ఆక్సిజన్ మితిమీరితే కొందరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుందట. బాబాయికి ఇదంతా ఫోనులో చెప్పేసరికి నాకే ఆయాసం వచ్చింది.

వారానికి రెండుసార్లు వ్యాయామానికి రమ్మన్నారు. ఆయాసానికి భయపడి కూర్చుంటే కాళ్లు సన్నబడి, నాలుగడుగులకే ఇంకా ఆయాసం వస్తుందట. దానికి అమ్మ ఒప్పుకుంది. ఏటా వేయించుకోవలసిన ఫ్లూ టీకాకూ ఒప్పుకుంది. పెరట్లో స్నానాల నీళ్ల కోసం పెట్టుకున్న కట్టెల పొయ్యి తీసేయమంటే మాత్రం ససేమిరా అంటోంది. గీజరు కొందామంటే కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగింది. రేపు అన్నయ్యతో మాట్లాడాలి.